ఎసరు మీద మూతా, గాలి మీద రైలూ

చిరంజీవులు బుజ్జికి, పండుకి,

తాతయ్య ఆశీస్సులు. మేమిక్కడ క్షేమం. నాయనమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. మీరు వదిలేసి వెళ్లిన గాలిపటం దూలానికి వేలాడుతోంది.

పండగకొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు విజయవాడ స్టేషన్లో వందే భారత్ ఎక్కబోతూ పండు అడిగాడు, "తాతయ్యా, చక్రాల్లేకుండా రైలు నడవదా?" అని. సామాన్లు లెక్కపెట్టుకునే హడావిడిలో "ముందు ఎక్కరా" అని కసిరాను. తలుపులు మూసుకున్నాక ప్లాట్‌ఫారం మీద నిలబడి నాలిక్కరుచుకున్నాను. ఆ ప్రశ్నకి జవాబుంది. నడిచింది, ఫ్రాన్సులో. దాని పేరు ఏరోట్రైన్. జాఁ బెర్తాఁ అనే ఇంజనీరు చేశాడు.

నాయనమ్మ ఎసరు పెట్టినప్పుడు పక్కన నిలబడ్డారా ఎప్పుడైనా? నీళ్లు తెర్లేదాకా మూత బుద్ధిగా కూర్చుంటుంది. ఆవిరి పుట్టగానే ఒక పక్క లేస్తుంది, టకటకలాడుతుంది, అంచు కిందనుంచి బుసబుసమని ఆవిరి పోతుంది. అప్పుడు మూతని కాస్త కదిపితే చాలు, జర్రున జారుతుంది. అది అప్పుడు గిన్నె మీద లేదు, ఆవిరి మీద ఉంది. వేలు మాత్రం పెట్టకండి. ఆరేళ్లప్పుడు నేను పెట్టాను. మా అమ్మ వేలికి వెన్న రాసి, వీపు మీద ఒకటి వేసింది.

బెర్తాఁ రైలు ఆ మూతలాంటిదే. ఆవిరికి బదులు గాలి. పెట్టె అడుగుకి యంత్రాలు గాలి ఊదుతూ ఉంటాయి, అది అంచుల సందులోంచి పోతూ పోతూ అంత పెట్టెనీ కొద్ది మిల్లీమీటర్లు లేపి పట్టుకుంటుంది. మరి ముందుకు తోసేదెవరు? వెనకాల విమానానికుండేలాంటి పంకా. దారి తప్పకుండా కాంక్రీటు బాట నడుమ నిలువుగా ఒక గోడ, తలకిందులు చేసిన ఇంగ్లీషు 'టి' అక్షరంలా. ఆ గోడకి రెండు పక్కలా కూడా గాలి దిండ్లే.

పెట్టెని పైకి లేపడమెందుకంటే, నేల మీదుంటే నేల దాన్ని పట్టి ఆపుతుంది. ఆ పట్టు ఎలా ఉంటుందో మాకు బాగా తెలుసు. చిన్నప్పుడు కొబ్బరిమట్టే మా రైలు. ఆకుల మీద ఒకణ్ణి కూర్చోబెట్టి, మట్ట మొదలు పట్టుకుని ఇద్దరం లాగేవాళ్లం. ఎండాకాలం డొంకదారిలో అంగుళం కదిలేది కాదు. అదే మట్ట, ఒక్క వాన పడ్డాక చెరువుగట్టు దగ్గర బురదలో లాగితే మమ్మల్నే తోసుకుంటూ వచ్చేది. లావుపాటివాడే ఎప్పుడూ ఎక్కేవాడు, బక్కవాళ్లం లాగేవాళ్లం. లోకంలో రైళ్లన్నీ ఇంతేననుకునేవాణ్ణి.

సరే, అసలు సంగతి. ఓర్లియాఁ ఊరికి ఉత్తరాన పొలాల మీదుగా స్తంభాలెత్తి 18 కిలోమీటర్ల బాట కట్టారు. 80 మంది పట్టే పెట్టెని 1969లో దాని మీద తిప్పారు. తర్వాత పంకా తీసేసి విమానం జెట్ ఇంజనే తగిలించారు. 1974 మార్చి 5న గంటకి 430 కిలోమీటర్లు అందుకుంది! అలా పరిగెత్తితే విజయవాడ నుంచి హైదరాబాదుకి నలభై నిమిషాలు కూడా పట్టదు. బుజ్జి జడ అల్లుకోవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

ఆ జూన్‌లో పారిస్ పక్కన నిజం లైనుకే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. నెల తిరక్కుండా, జూలైలో, రద్దు చేశారు.

ఎందుకంటే మళ్లీ మూత దగ్గరికే వస్తాను. ఏ గిన్నె మూత ఆ గిన్నెకే. ఈ రైలుకి దేశంలో ఉన్న పట్టాలు పనికిరావు, పాత స్టేషన్లలోకి రాలేదు, ఎక్కడికక్కడ కొత్త బాట కట్టాలి. రెండోది, మంట ఆపితే మూత కూర్చుంటుంది. గాలి ఊదుతూనే ఉండాలి, దానికి నూనె కావాలి, 1973లోనే చమురు ధర భగ్గుమంది. పైగా చెవులు చిల్లులు పడే మోత. అదే సమయంలో వాళ్ల రైల్వేవాళ్లు టీజీవీ అనే అతివేగం రైలు తయారు చేసుకుంటున్నారు. అది చక్రాల బండే. కొత్త లైను మీద పరిగెత్తి, ఊరు రాగానే పాత పట్టాల మీద నెమ్మదిగా పాత స్టేషన్లోకి దూరిపోగలదు. 1981లో పారిస్ నుంచి లియోన్ నగరం వైపు మొదలై ఇప్పటికీ తిరుగుతోంది. అందరితో సర్దుకుపోయేవాడికి ఎక్కడైనా కాస్త చోటు దొరుకుతుంది. ఇది మీ ఇద్దరి కిటికీ సీటు గొడవకీ వర్తిస్తుంది.

కానీ ఏరోట్రైన్ నడవలేక ఆగిపోయిందని మాత్రం అనకండి. బెర్తాఁ 1975 చివర్లో పోయాడు. ఆ 80 సీట్ల పెట్టె 1992లో కాలి బూడిదయింది. బాట మాత్రం చాలా మటుకు ఇంకా ఉంది. మన ఊరి కుర్రాడొకడు అక్కడ చదువుకుంటూ రైలు కిటికీలోంచి తీసిన ఫొటో పంపాడు. గోధుమ చేల మీద కాళ్ల వరస, దాని పైన బూడిదరంగు గీత, ఆ గీత మీద కాకులు. దాని కిందే రైతు ట్రాక్టరు తోలుకుంటున్నాడు. ఎంతసేపు చూశానో నాకే తెలియదు. ఇంతకన్నా వివరించడం నావల్ల కాదు.

ఈ ఆదివారం కుక్కరు మానేసి గిన్నెలో ఎసరు పెట్టమని మీ అమ్మకి చెప్పండి. దూరంగా నిలబడి, మూత మొట్టమొదట ఏ పక్క లేస్తుందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య