పట్టకం తీసేసినా కనిపించిన కిరణాలు

‘రుజువు కళ్లెదుట పెట్టినా మనిషి ఎందుకు మనసు మార్చుకోడు?’ అని ఒక పాఠకుడు అడిగారు. ఆ ప్రశ్న వినగానే నాకు ఫ్రాన్స్‌లోని నాన్సీ పట్టణంలో ఒక చీకటి గది గుర్తొస్తుంది.

1903లో రెనే బ్లాండ్లో అనే పేరున్న భౌతిక శాస్త్రవేత్త కొత్త కిరణాలు కనుగొన్నానని ప్రకటించి, ఊరి పేరు మీదుగా వాటిని ఎన్‌-కిరణాలన్నారు. ఆయన మోసగాడు కాదు, నిజాయతీపరుడు. ఈ కథ నాకు ముఖ్యమైంది అందుకే.

ఆ కిరణాలను పట్టే పద్ధతి చూడండి. చీకట్లో సన్నగా మెరిసే పూత మీద కిరణం పడితే దాని వెలుగు రవ్వంత పెరగాలి. పెరిగిందో లేదో చెప్పాల్సింది కన్నే. అంత మసక వెలుగు ఎవరికైనా పెరుగుతున్నట్టూ తగ్గుతున్నట్టూ తోస్తుంది. అందులో ఏ క్షణాన్ని ‘పెరిగింది’ అని లెక్కవేయాలో మనసులోని ఎదురుచూపే తేలుస్తుంది. పైగా సూటిగా చూడకూడదనీ, కొందరికి అసలు కనబడదనీ బ్లాండ్లో ముందే చెప్పారు. దాంతో తలుపు మూసుకుపోయింది! కనబడితే కిరణాలున్నట్టు, కనబడకపోతే చూసేవారి కన్ను పదునెక్కనట్టు.

నేను ఏళ్ల తరబడి ప్రాక్టికల్స్ చేయించాను. లోలకంతో గురుత్వ త్వరణం కొలిచేటప్పుడు పుస్తకంలోని విలువ 980కి (సెం.మీ./సె²) దగ్గరగా వచ్చిన రీడింగును ఏ విద్యార్థీ మళ్లీ తీయడు. 1020 వస్తే మాత్రం స్టాప్‌వాచీ సరిగా నొక్కలేదంటాడు. అబద్ధం ఎవరూ ఆడరు. నచ్చని అంకెకే పరీక్ష పెడతారు, నచ్చినదాన్ని అలాగే రాసుకుంటారు. దీన్ని పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

1904లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ ఆ గదికి వచ్చారు. అల్యూమినియం పట్టకం (ప్రిజం) కిరణాలను విడదీస్తోందంటూ, మెరిసే గీతను జరుపుతూ బ్లాండ్లో ఆయనకు వర్ణపటంలోని స్థానాలు చెప్పారు. 2, 3 మిల్లీమీటర్ల వెడల్పున్న చీలిక గుండా వచ్చిన కిరణంలో మిల్లీమీటరులో పదో వంతు తేడా ఎలా తెలుస్తుందని వుడ్ అడిగితే, అదే వీటి వింత గుణమన్నారు. వుడ్ చీకట్లో పట్టకాన్ని చప్పుడు కాకుండా తీసేశారు. ఆ తర్వాత కూడా స్థానాలు ముందులాగే వినిపించాయి!

ఆ సంగతి అదే ఏడాది ‘నేచర్’ అనే సైన్సు పత్రికలో అచ్చయింది. బ్లాండ్లో మాత్రం వెనక్కి తగ్గలేదు. ఒక ఫ్రెంచి పత్రిక ఆయన ముందు తేలికైన పరీక్ష ఉంచింది: ఒకేలాంటి మూసిన పెట్టెలు రెండు, ఒకదానిలో ఉక్కు, మరొకదానిలో సీసం. ఉక్కు నుంచి ఎన్‌-కిరణాలు వస్తాయని ఆయనే అన్నారు కాబట్టి, ఏది ఏదో చెబితే చాలు. 1906లో ఆయన కాదన్నారు. ఇవి అలాంటి పరీక్షకు అందనంత సున్నితమైనవట. ఎవరి అభిప్రాయం వాళ్లే ఏర్పరచుకోవాలట.