ఆరు కంప్యూటర్లు, ఒకే ఫైలు: ఆఫీసు డేటాబేస్ గురించి అపోహలు - వాస్తవాలు

ఆంధ్ర సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో దుకాణాలకీ చిన్న ఆఫీసులకీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో డేటాబేసులు, అంటే బిల్లులూ బాకీలూ దాచే ఫైళ్లు, చేసివ్వడం నా పని. చెడిపోతే వెళ్లి బాగుచేసేదీ నేనే. "బాబూ, నీ ఫైలు మళ్లీ మొరాయించింది" అని ఫోన్ వచ్చిందంటే ఫైలు తప్పు తక్కువే ఉంటుంది. దాన్ని పంచుకునే పద్ధతిలోనే ఎక్కడో తేడా ఉంటుంది.

అపోహ: ఫైలు సర్వర్‌లో పెట్టాం కదా, పనంతా సర్వరే చేస్తుంది.

చేయదు. యాక్సెస్ ఫైలు ఉన్న కంప్యూటర్ ఒక బీరువా, అంతే. ఆరుగురూ ఎవరికి వారు తలుపు తీసి, పుస్తకంలో తామే రాసుకుంటారు. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే పెద్ద డేటాబేస్ ప్రోగ్రామ్ అయితే బీరువా ముందు ఒక గుమస్తా కూర్చుంటాడు. అందరూ అతనికి చెబుతారు, అతనొక్కడే రాస్తాడు. గుమస్తా లేని చోట, రాస్తున్న చెయ్యి మధ్యలో ఆగిపోతే పేజీ సగంలో ఉండిపోతుంది. ఫైలు 'కరప్ట్' అవడమంటే చాలాసార్లు ఇదే.

సిమెంటు, ఇనుము అమ్మే ఒక హోల్‌సేల్ షాపులో నెలకి రెండుసార్లు ఫైలు పాడయ్యేది. అన్ని కంప్యూటర్లకీ యూపీఎస్ ఉంది. వైరస్ అన్నారు, విండోస్ అన్నారు, చివరికి నా ప్రోగ్రామే బాగోలేదన్నారు. ఒకరోజు నేనక్కడే ఉండగా కరెంటు పోయింది. కంప్యూటర్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. కంప్యూటర్లన్నిటినీ కలిపే పెట్టె, గోడకున్న నెట్‌వర్క్ స్విచ్, మాత్రం ఆరిపోయింది. దానికి యూపీఎస్ ఇవ్వాలని ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. చిన్న యూపీఎస్ ఒకటి తగిలించాక ఆ గొడవ వదిలింది. వైఫై మీద లాప్‌టాప్‌తో ఎంట్రీలు వద్దనేదీ ఇందుకే. సిగ్నల్ ఒక్క క్షణం తెగినా చాలు.

అపోహ: అందరూ ఒకే ఫైలుని షార్ట్‌కట్‌తో తెరిస్తే సరిపోతుంది.

ఫైలుని రెండుగా చీల్చాలి. టేబుళ్లు, అంటే లెక్కలుండే పట్టికలు, ఒక ఫైల్లో, అందరికీ అందే షేర్డ్ ఫోల్డర్‌లో ఉండాలి. ఎంట్రీలు కొట్టే ఫారాలు, రిపోర్టులు ఉన్న రెండో ఫైలు ఎవరి కంప్యూటర్లో వారికి విడి కాపీగా ఉండాలి. ఒకరి కాపీ పాడైతే కొత్తది పెడితే పోతుంది, లెక్కలకి ఏమీ కాదు. ఫారం మార్చాలన్నా పట్టపగలే నా లాప్‌టాప్‌లో మార్చుకుని కాపీలు పంచేస్తాను. టేబుల్లో కొత్త కాలమ్ చేర్చాలంటే మాత్రం అందరూ బయటికి రావాల్సిందే. ఆ పని రాత్రి షట్టర్ దించాకే.

పాత కాపీతో పనిచేసేవాళ్లు ఎప్పుడూ ఒకరుంటారు. అందుకే వెర్షన్ నంబర్ టేబుల్లో పెడతాను. అది కాపీలోని నంబర్‌తో కలవకపోతే ఫారం తెరుచుకోదు.

అపోహ: ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచే వన్‌డ్రైవ్‌లో పెడితే అందరికీ ఎక్కడినుంచైనా అందుతుంది.

ఎక్సెల్‌కి సరే, యాక్సెస్‌కి కాదు. ఇద్దరు తెరిస్తే ఎవరి కాపీలో వారు రాస్తారు, ఆ రెంటినీ కలపడం వన్‌డ్రైవ్‌కి రాదు. ఒకరి రోజంతా పని గల్లంతు. బ్యాకప్ దాచుకోవడానికి వాడండి.

అపోహ: యాక్సెస్ ఫైలు పక్కనే తాళం బొమ్మతో కనిపించే చిన్న ఫైలు చెత్త, తీసేయొచ్చు.

ఎవరు లోపల ఉన్నారో రాసుకునే ఫైలు అది. చివరి మనిషి బయటికి రాగానే దానంతటదే పోతుంది. పోలేదంటే ఎవరో ఇంకా తెరిచే ఉంచారు, లేదా ఎవరి కంప్యూటరో మధ్యలో ఆగిపోయింది. ఇంకో మాట. ఆ ఫోల్డర్‌లో ఫైలు సృష్టించే అనుమతి లేనివాళ్లు ముందుగా తెరిస్తే, మిగతావారికి తలుపు మూసుకుపోతుంది. 'పొద్దున్నే ఫలానా ఆయన ముందొచ్చిన రోజే ఫైలు తెరుచుకోదు' అన్నారంటే నేను మొదట చూసేది ఆయన అనుమతులే.

అపోహ: యాక్సెస్ తనంతట తానే ఇచ్చే ఆటోనంబర్‌నే బిల్లు నంబర్‌గా వాడుకోవచ్చు.

బిల్లు మొదలుపెట్టి మధ్యలో వదిలేసినా ఆ నంబర్ ఖర్చయిపోతుంది. 412 తర్వాత 414 వస్తుంది. జీఎస్టీ నియమాల ప్రకారం బిల్లు నంబర్లు వరసగా ఉండాలి. బిల్లు నంబర్‌కి వేరే ఫీల్డ్ పెట్టి, సేవ్ అయ్యే క్షణంలోనే ఇవ్వాలి. ఇద్దరు ఒకేసారి సేవ్ చేసినా ఒకే నంబర్ రెండుసార్లు పడకుండా ఆ ఫీల్డ్‌కి యూనిక్ ఇండెక్స్ పెట్టాలి.

మన సరిహద్దులో ఇంకో తలనొప్పి ఉంది. ఇక్కడి షాపు పర్లాకిమిడి పార్టీకి అమ్మితే రాష్ట్రం లోపలి అమ్మకం కాబట్టి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం పార్టీకైతే రాష్ట్రం దాటినట్టు కాబట్టి ఐజీఎస్టీ. రాష్ట్రం పేరు చేత్తో కొట్టనిస్తే తప్పులే. జీఎస్టీ నంబర్లో మొదటి రెండంకెలు 21 అయితే ఒడిశా, 37 అయితే ఆంధ్ర. రాష్ట్రాన్ని అక్కణ్ణుంచే తీసుకోనివ్వండి. ఊరి పేర్లకీ అంతే, జాబితాలోంచి ఎంచుకోవాలి. ఒకరు పర్లాకిమిడి, ఒకరు పరలాఖేముండి, ఇంకొకరు పర్లాఖెముండి అని కొడితే, ఊరివారీగా బాకీలు తీసినప్పుడు ఒకే ఊరు మూడు చోట్ల తేలుతుంది.

అపోహ: ఇద్దరు ఒకే రికార్డు మారిస్తే కంప్యూటరే చూసుకుంటుంది.

చూసుకోదు, అడుగుతుంది. మీరు మారుస్తుండగా వేరొకరు మార్చారని ఒక పెట్టె వస్తుంది. కంగారులో 'సేవ్ రికార్డ్' నొక్కితే అవతలివాళ్లు రాసింది చెరిగిపోతుంది. మావాళ్లకి నేర్పింది ఒక్కటే: 'డ్రాప్ ఛేంజెస్' నొక్కు, కొత్త అంకె చూడు, మళ్లీ కొట్టు.

అపోహ: 255 మంది ఒకేసారి వాడొచ్చట.

కాగితం మీద అంతే.  ఆరేడుగురు రాసే చోట నాకు టెన్షన్ లేదు. పాతికమంది అంటే మాత్రం ఉచితంగా దొరికే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌కి మారమంటాను.

అపోహ: పెన్‌డ్రైవ్‌లో రోజూ కాపీ తీస్తున్నాం, భయం లేదు.

జనం లోపల ఉండగా తీసిన కాపీ సగం రాసిన పేజీతో రావచ్చు. అందరూ బయటికి వచ్చాకే తీయాలి. వారానికోసారి, ఫైలుని కుదించి సరిచేసే 'కాంపాక్ట్ అండ్ రిపేర్' చేయండి, దానికి ముందు కూడా ఒక కాపీ తీసి పెట్టుకోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లా వరదల్లో చిక్కుకుంది. నాకు తెలిసిన ఒక ఆఫీసులో కంప్యూటర్ తడిసింది. బ్యాకప్ పెన్‌డ్రైవ్ దానికే గుచ్చి ఉంది.