కారు బీమా ధర ఎలా ఏర్పడింది: వేళచ్చేరి వరదల దాకా ఒక నేపథ్యం

2024 అక్టోబరులో చెన్నైకి భారీ వర్ష హెచ్చరిక రాగానే వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద కార్లు బారులు తీరాయి. 2015 డిసెంబరు వరదనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానునూ చూసిన జనం వాన పెరగకముందే తమ బండ్లను ఎత్తు మీదికి చేర్చుకున్నారు. కారుకు బీమా ఉండి కూడా మనిషి ఇంత ఆందోళన పడవలసి రావడం మామూలు విషయం కాదు. ఏటా వేలకు వేలు ప్రీమియం కట్టినా, ఇంజిన్‌లోకి నీళ్లు పోతే ఆ డబ్బు వస్తుందో రాదో తెలియని స్థితి ఎలా ఏర్పడిందో అర్థం కావాలంటే, మన చేతిలో ఉన్న పాలసీ కాగితం ఏ కాలంలో ఎవరి కోసం పుట్టిందో తెలుసుకోవాలి. చౌకైన బీమా కోసం వెతికేవారికి కూడా ఈ చరిత్ర పనికివస్తుంది, ఎందుకంటే ఆ కాగితంలో ఏ అంకె తగ్గుతుందో, ఏది ఎంత బేరమాడినా తగ్గదో నిర్ణయించింది ఈ చరిత్రే.

మొదట పుట్టినది బండి యజమాని కోసం చేసిన ఏర్పాటు కాదు, బండి కింద పడినవారి కోసం చేసినది. బ్రిటన్‌లో 1930 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం మూడో వ్యక్తికి జరిగే నష్టానికి బీమాను తప్పనిసరి చేసింది. ఆ బాటలోనే మన దేశంలో 1939 మోటారు వాహనాల చట్టం వచ్చింది. అయితే అందులోని బీమా అధ్యాయం వెంటనే అమలు కాలేదు. 1946 జులై 1 నుంచి మాత్రమే అది అమలులోకి వచ్చింది. ఇప్పుడు మనం థర్డ్ పార్టీ అని పిలిచే భాగం ఇదే. 1988 నాటి కొత్త చట్టంలోని 146వ సెక్షన్ దానిని కొనసాగించింది. బీమా లేకుండా బండి నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చునని, రెండోసారి జరిమానా 4,000 రూపాయలని 2019 సవరణ చెబుతోంది. మనిషి ప్రాణానికీ గాయానికీ ఈ భాగం ఇచ్చే రక్షణకు పైపరిమితి లేదు. ట్రైబ్యునల్ ఎంత పరిహారం నిర్ణయిస్తే అంతా బీమా సంస్థ చెల్లించాలి. ఎదుటివారి ఆస్తికి జరిగే నష్టానికి మాత్రం కార్ల విషయంలో 7.5 లక్షల రూపాయల హద్దు ఉంది.

ఈ భాగం మన సొంత కారుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వదు. ఈ సంగతి తెలియక, అతి తక్కువ ధరకు దొరికిన పాలసీ కొనుక్కుని, వాననీటిలో బండి మునిగాక క్లెయిమ్ వేయడానికి వెళ్లేవారు నేటికీ ఉన్నారు. వారు కొన్నది చట్టం అడిగిన కనీస పాలసీ మాత్రమే.

1972 నాటి చట్టంతో సాధారణ బీమా వ్యాపారం జాతీయమైంది. 1973 జనవరి 1 నుంచి 107 సంస్థలు నాలుగు ప్రభుత్వ సంస్థలలో కలిసిపోయాయి. వాటిలో యునైటెడ్ ఇండియా ప్రధాన కార్యాలయం మద్రాసులోనే ఏర్పడింది. మిగిలిన మూడు కోల్‌కతా, ముంబై, ఢిల్లీలకు వెళ్లాయి. ఆ రోజుల్లో ఏ కార్యాలయానికి వెళ్లినా ధర ఒక్కటే. టారిఫ్ అడ్వైజరీ కమిటీ నిర్ణయించిన రేటు పుస్తకం చూసి గుమాస్తా ప్రీమియం లెక్కగట్టేవాడు. పోటీ లేదు, బేరం లేదు. పాలసీ షరతులు కూడా దేశమంతటా ఒకే మాటల్లో ఉండేవి. ఆ ఏకరూపతకు ఒక మంచి గుణం ఉందని ఒప్పుకోవాలి: ఏది కవర్ అవుతుందో ఒకసారి తెలుసుకుంటే ఎక్కడికి వెళ్లినా అదే వర్తించేది.

ఆ రేటు పుస్తకానికి చివరి రూపం 2002 జులై 1 నుంచి అమలైన ఇండియా మోటార్ టారిఫ్. నేటి పాలసీల ఎముకల గూడు అదే కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి. కారు ఏ ఆర్టీవో కార్యాలయంలో రిజిస్టర్ అయిందో దాన్ని బట్టి అది దేశాన్ని రెండు జోన్లుగా విడదీసింది. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, ముంబై, కోల్‌కతా, న్యూఢిల్లీ, అహ్మదాబాద్, పుణె ఎ జోన్. మిగతా దేశమంతా బి జోన్. 1000 సీసీ లోపు, ఐదేళ్ల లోపు కారుకు ఎ జోన్‌లో విలువ మీద 3.127 శాతం, బి జోన్‌లో 3.039 శాతం రేటు. నెల్లూరులోనో తిరుపతిలోనో రిజిస్టర్ చేయించిన కారుతో ఉద్యోగానికి చెన్నై వచ్చి షోలింగనల్లూరులోనో పెరుంగుడిలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ జోన్ల మాట నేరుగా తగులుతుంది. పన్నెండు నెలలు దాటితే తమిళనాడు నంబరు వేయించుకోవాలని చట్టం చెబుతుంది. నంబరు మారినప్పుడు పాలసీలోనూ ఆ మార్పు నమోదు కావాలి. జోన్ తేడా పెద్దది కాదు గానీ, పాలసీలో ఒక నంబరు, బండి మీద మరో నంబరు ఉంటే క్లెయిమ్ వేళ తలనొప్పి మాత్రం చిన్నది కాదు.

అదే టారిఫ్ ఐడీవీ (ఇన్సూర్డ్ డిక్లేర్డ్ వాల్యూ, అంటే పాలసీలో ముందే ప్రకటించిన కారు విలువ) అనే పద్ధతిని తెచ్చింది. అంతకు ముందు కారు పూర్తిగా పోయినప్పుడు ఆ రోజు మార్కెట్ విలువ ఎంత అన్న దాని మీద వాదులాటలు జరిగేవి. ఇకపై పాలసీ మొదలైన రోజునే విలువ నిర్ణయించి, ఏడాది పొడవునా దాన్నే మార్కెట్ విలువగా లెక్కించాలని నిర్ణయించారు. కారు తయారీ కంపెనీ ప్రకటించిన అమ్మకపు ధర నుంచి ఆరు నెలల లోపు బండికి 5 శాతం, ఏడాది లోపుకు 15, రెండేళ్ల లోపుకు 20, మూడేళ్ల లోపుకు 30, నాలుగేళ్ల లోపుకు 40, ఐదేళ్ల లోపుకు 50 శాతం తీసివేస్తారు. ఐదేళ్లు దాటాక విలువ బీమా సంస్థకూ యజమానికీ మధ్య ఒప్పందం. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం మించితే బండిని పూర్తిగా పోయినట్టు లెక్కగట్టి ఆ విలువ ఇచ్చేస్తారు. ఇది యజమానికి మేలు చేసిన మార్పే. అయితే ఈ అంకెను తక్కువ వేస్తే ప్రీమియం కూడా తగ్గుతుంది. ఆ వెసులుబాటే తరువాతి కాలంలో చౌక పాలసీలకు దగ్గరి దారి అయింది.

2000లో ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరుచుకున్నాయి. 2007 జనవరి 1న, మన కారుకు జరిగే నష్టాన్ని భరించే సొంత నష్టం (ఓన్ డ్యామేజీ) భాగానికి టారిఫ్ ఎత్తివేశారు. అప్పటి నుంచి ఓన్ డ్యామేజీ ప్రీమియం ఏ సంస్థ ఎంతకు ఇస్తే అంత. థర్డ్ పార్టీ ధర మాత్రం నియంత్రణలోనే ఉండిపోయింది. కాబట్టి నేడు ఒకే కారుకు నాలుగు సంస్థల కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూస్తే, థర్డ్ పార్టీ వరుసలో అంకె అన్నింటిలో ఒకటే ఉంటుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం ఏడాదికి 1000 సీసీ లోపు కారుకు 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ వరకు 3,416, అంతకు మించితే 7,897. ఎలక్ట్రిక్ కార్లకు 15 శాతం, హైబ్రిడ్ బండ్లకు 7.5 శాతం తగ్గింపు కూడా ఆ రేట్లలో ఉంది. వీటి మీద 18 శాతం జీఎస్టీ అదనం. ఈ వరుసలో డిస్కౌంటు ఇస్తామని ఎవరైనా అంటే ఆ పాలసీ అసలైనదో కాదో అనుమానించాల్సిందే.

పోటీ మొదలయ్యాక ధర తగ్గింది, నిజమే. కానీ ప్రాథమిక పాలసీ మాటలు మాత్రం పాత టారిఫ్‌లోవే మిగిలాయి. ఆ మాటల ప్రకారం మార్చిన ప్లాస్టిక్, రబ్బరు భాగాలకూ టైర్లకూ బ్యాటరీకీ సగం విలువే ఇస్తారు. లోహపు భాగాలకు వయసును బట్టి కోత పడుతుంది. గాజుకు కోత లేదు. ఒక చిన్న లెక్క చూడండి. చెన్నైలోని ఓఎంఆర్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ముందు బండికి తగిలి బంపర్ పగిలిందనుకుందాం. కొత్త బంపర్ 12,000 రూపాయలైతే తరుగు కింద 6,000 పోతుంది. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా యజమాని భరించవలసిన 1,000 కూడా పోతుంది. సంస్థ ఇచ్చేది 5,000, చేతి నుంచి పడేది 7,000. పైగా ఆ చిన్న క్లెయిమ్‌తో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నాకు వస్తుంది. ఆ బోనస్ మొదటి ఏడాది తరువాత 20 శాతంతో మొదలై 25, 35, 45 మీదుగా ఐదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. సొంత నష్టం ప్రీమియంలో సగం తగ్గించే ఆ మెట్టు మీద ఉన్నవారు 5,000 రూపాయల కోసం దాన్ని వదులుకోవడం నష్టమని నా నిశ్చితాభిప్రాయం.

ఈ కోతల బాధకు మందుగా, అదనపు డబ్బు కట్టి ప్రాథమిక పాలసీకి కలుపుకునేలా పుట్టినవే యాడ్ ఆన్‌లు. తరుగు కోత లేకుండా చేసే జీరో డిప్రిసియేషన్‌ను జనం బంపర్ టు బంపర్ అంటారు. బండి పూర్తిగా పోతే ఇన్వాయిస్ ధర ఇచ్చే రిటర్న్ టు ఇన్వాయిస్, ఒక క్లెయిమ్ చేసినా బోనస్ నిలబెట్టే ఎన్‌సీబీ ప్రొటెక్ట్, నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే ఆదుకునే ఇంజిన్ ప్రొటెక్ట్ ఆ కోవలోవే. చెన్నైకి ముఖ్యమైనది చివరిది. ఇక్కడ చాలామంది పొరబడే చోటొకటి ఉంది. వరద, తుపాను, ముంపు సమగ్ర పాలసీలో (థర్డ్ పార్టీ, సొంత నష్టం రెండూ ఉన్నదానిలో) మొదటి నుంచీ కవర్ అయ్యే ప్రమాదాలే. నీటిలో మునిగిన కారు సీట్లు, వైరింగ్, శుభ్రం చేయించే ఖర్చు వంటివి అందులోకి వస్తాయి. కానీ పర్యవసాన నష్టాన్నీ యాంత్రిక లోపాన్నీ అదే పాలసీ మినహాయిస్తుంది. నిలిచిన నీటిలో తాళం తిప్పితే గాలి పీల్చే గొట్టం గుండా నీళ్లు సిలిండర్‌లోకి చేరతాయి. గాలిని నొక్కినట్టు నీటిని నొక్కడం పిస్టన్‌కు సాధ్యం కాదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ ఇంజిన్ విప్పించి ఆ వంగిన రాడ్‌ను చూస్తే, ఈ నష్టం వరద వల్ల వచ్చింది కాదు, వరదలో స్టార్ట్ చేయడం వల్ల వచ్చిందని రాస్తాడు. 2015లో మడిపాక్కం, వేళచ్చేరి, ముడిచ్చూరు వంటి పల్లపు ప్రాంతాలు మునిగాక ఇంజిన్ ప్రొటెక్ట్ అన్న మాట నగరంలో అందరి నోటా నానింది. ఈ యాడ్ ఆన్ ఉన్నా కొన్ని సంస్థలు నీటిలో పదేపదే స్టార్ట్ చేస్తే బాధ్యత లేదని షరతు పెడతాయి. అందుకే నీళ్లు దిగాక బండిని ముట్టుకోకుండా, లాగించి వర్క్‌షాపుకు పంపడమే క్షేమం.

నేటి పాలసీలో మరికొన్ని భాగాలు కోర్టు మెట్ల మీద పుట్టాయి, వాటిలో తమిళనాడు పాత్ర పెద్దది. కోయంబత్తూరు ఎముకల వైద్యుడు ఎస్. రాజశేఖరన్ రోడ్డు ప్రమాదాల మీద సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఫలితంగా 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కార్లకు మూడేళ్ల, ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తప్పనిసరైంది. కొత్త కారు కొన్న రోజున షోరూంలో బీమా అంత భారంగా కనిపించడానికి ఇది ఒక కారణం. యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా కార్లకు 2 లక్షలు, ద్విచక్ర వాహనాలకు 1 లక్ష మాత్రమే ఉండేది. 2017 అక్టోబరులో మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పును అనుసరించి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2018లో దాన్ని 15 లక్షలకు పెంచింది. ఒక మనిషికి రెండు బండ్లున్నా ఈ కవర్ ఒక్కసారి తీసుకుంటే చాలు. రెండో బండి రెన్యువల్‌లో ఈ వరుస మళ్లీ కనిపిస్తే తీసివేయమని అడగవచ్చు.

2021 ఆగస్టులో అదే హైకోర్టు సెప్టెంబరు 1 నుంచి అమ్మే కొత్త బండ్లకు ఐదేళ్ల పాటు బంపర్ టు బంపర్ బీమా తప్పనిసరి అని ఆదేశించింది. మూడో వ్యక్తికే పరిమితమైన పాలసీ బండిలో కూర్చున్నవారిని గాలికి వదిలేస్తోందన్న బాధ ఆ ఆదేశం వెనుక ఉంది. కానీ ఆచరణలో ఇబ్బందులున్నాయని బీమా సంస్థలూ నియంత్రణ సంస్థా విన్నవించడంతో సెప్టెంబరులోనే కోర్టు దాన్ని వెనక్కి తీసుకుంది. ప్రశ్న మాత్రం న్యాయమైనదే. కారులో ఎక్కించుకున్న బంధువులకు చట్టబద్ధమైన కనీస పాలసీ రక్షణ ఇస్తుందని చాలామంది అనుకుంటారు; సొంత కారులో ప్రయాణించేవారి విషయంలో దాని మీద ఆధారపడకూడదు.

2019 సెప్టెంబరు నుంచి సొంత నష్టం పాలసీని విడిగా అమ్మే వీలు కలిగింది. దీనివల్ల మూడేళ్ల థర్డ్ పార్టీ ఒక సంస్థ దగ్గర ఉన్నా, ఓన్ డ్యామేజీని ఏటా వేరే సంస్థకు మార్చుకోవచ్చు. డీలరు ఇచ్చిన పాలసీలోనే ఉండాలన్న నిబంధన లేదు. 2022 జులైలో, నడిపిన దూరాన్ని బట్టి ప్రీమియం కట్టే యాడ్ ఆన్‌కూ నియంత్రణ సంస్థ అనుమతించింది. మెట్రోలోనో కంపెనీ బస్సులోనో ఆఫీసుకు వెళ్లి, కారును వారాంతాల్లో మాత్రమే తీసేవారికి ఇది నిజంగా డబ్బు మిగిల్చే మార్గం. చిన్న నష్టాలను సొంతంగా భరించగలవారు ఐచ్ఛిక కోత (ప్రతి క్లెయిమ్‌లో తామే భరిస్తామని ఒప్పుకునే మొత్తం) పెంచుకుని ప్రీమియం తగ్గించుకోవచ్చు. అయితే పాత టారిఫ్‌లో 15,000 రూపాయల కోతకు ఒప్పుకున్నా తగ్గింపు 2,500 దాటేది కాదు. సంస్థ ఇప్పుడు ఎంత తగ్గిస్తోందో అడిగి, ఆ లెక్క వేసుకున్నాకే సంతకం చేయాలి.

కొటేషన్లు పోల్చేటప్పుడు ముందుగా ఐడీవీ సమానం చేసి చూడాలి. ఒక సంస్థ 4 లక్షలకు, మరొకటి 4.6 లక్షలకు విలువ కడితే ఆ రెండు ధరలను పోల్చడంలో అర్థం లేదు. పాలసీ గడువు దాటి 90 రోజులు గడిస్తే బోనస్ పోతుంది. ఆలోపు రెన్యువల్ చేసినా కారును మళ్లీ తనిఖీ చేయవచ్చు. బోనస్ బండిది కాదు, మనిషిది. కాబట్టి ఆంధ్రలో బంధువుల దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కొని తెచ్చుకునేవారు పాత యజమాని బోనస్ తమకు రాదని గుర్తుంచుకోవాలి. థర్డ్ పార్టీ భాగం బండితో పాటే కొత్త యజమానికి వస్తుంది గానీ, సొంత నష్టం భాగం 14 రోజుల్లోగా పేరు మార్పుకు దరఖాస్తు చేస్తేనే నిలబడుతుంది. అన్నాదమ్ముల మధ్య అమ్మకమైనా ఇదే నియమం.

2024 జూన్‌లో నియంత్రణ సంస్థ వెలువరించిన మాస్టర్ సర్క్యులర్ కొన్ని పాత గాయాలకు మందు రాసింది. కాగితాలు లేవన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదని, కవర్ అయ్యేవీ కానివీ తేలిక మాటల్లో ఒక సమాచార పత్రంగా ఇవ్వాలని అందులో ఉంది. పాలసీ కట్టగానే ఆ పత్రం అడిగి తీసుకుని మినహాయింపుల భాగం చదవాలి. తిరస్కరణ అన్యాయమనిపిస్తే ముందు సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయాలి. నెలలోపు సరైన జవాబు రాకపోతే బీమా ఫిర్యాదులను తేల్చే, చెన్నైలోనే ఉన్న బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి ఖర్చు లేకుండా వెళ్లవచ్చు. వకీలును పెట్టుకోవలసిన పని లేదు. నీరు ఏ మట్టం దాకా వచ్చిందో తేదీతో కూడిన ఫొటోలు, టోయింగ్ రసీదు, బండిని స్టార్ట్ చేయలేదని రాసిన వర్క్‌షాపు జాబ్ కార్డు దగ్గర పెట్టుకుంటే ఆ ఫిర్యాదుకు బలం వస్తుంది.