అపోహలు - వాస్తవాలు: రెండు సెయిల్‌బోట్లలో ఏది కొనాలి?

నేను మేరీల్యాండ్‌లోని అనాపొలిస్‌లో పడవల సర్వేయర్‌ని. పాత సెయిల్‌బోట్ కొనబోయేవాళ్ల తరఫున దాన్ని అడుగు నుంచి మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) దాకా చూసి రిపోర్టు రాసివ్వడం నా పని. జనవరి వచ్చిందంటే ఫోన్లు మొదలు. "అన్నా, క్యాటలీనా 36 తీసుకోమంటావా, ఐలాండ్ ప్యాకెట్ 35 తీసుకోమంటావా?" నేను అడిగేది ఒక్కటే. "ఏ క్యాటలీనా? ఏ ఐలాండ్ ప్యాకెట్? ఇప్పుడెక్కడున్నాయి?" అవతల చప్పుడుండదు. ఒక్క పడవ కూడా ఎక్కి చూసి ఉండరు. మోడళ్లను మాత్రం ఆరు నెలలుగా పోలుస్తూ ఉంటారు.

అపోహ: సరైన మోడల్ ఎంచుకుంటే సగం పని అయిపోయినట్టే.

వాస్తవం: ముప్పై ఏళ్ల పడవకు మోడల్ అంటే ఇంటిపేరు లాంటిది. ఇంటిపేరు చూసి ఎవరికి బీపీ ఉందో చెప్పలేం కదా. ఒకే అచ్చులో, ఒకే ఏడాది పోసిన రెండు పడవల్లో ఒకటి మంచినీటి సరస్సులో తిరిగి, చలికాలమంతా కవరు కింద భద్రంగా ఉండి ఉంటుంది. రెండోది ఇరవై ఏళ్లు ఉప్పునీటిలో, కారుతున్న హ్యాచ్‌లతో (డెక్ మీది మూతలతో) గడిపి ఉంటుంది. ఆ తేడా ముందు రెండు కంపెనీల మధ్య తేడా ఏ మూలకూ రాదు. జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటున్నది ఇక్కడే.

మూడేళ్ల కిందట న్యూజెర్సీ నుంచి ఒక తెలుగు జంట వచ్చారు. రెండు పడవలు, రెండూ 36 అడుగులవే. భర్త చేతిలో నలభై వరసల ఎక్సెల్ షీట్. అందులో గెలిచిన పడవ ధర 48,000 డాలర్లు. తళతళలాడే జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ మీది నున్నటి పైపూత), కొత్త కుషన్లు, దారి చూపే మ్యాప్ తెర చార్ట్‌ప్లాటర్ కూడా కొత్తదే. నేను ప్లాస్టిక్ సుత్తి తీసుకుని డెక్ (పడవ పైతలం) మీద మోకాళ్ల మీద కూర్చుని కొట్టుకుంటూ వెళ్లాను. టక్, టక్, టక్. కుడివైపు మూడో స్టాంచియన్ (అంచు రెయిలింగ్ కడ్డీ) దగ్గరికి వచ్చేసరికి శబ్దం మారింది. దుప్పటి మీద కొట్టినట్టు, డబ్ డబ్. సుద్దముక్కతో గీత గీస్తూ పోతే అది వెనక విన్చ్ (తాళ్లు బిగించే చక్రం) దాకా సాగింది. ఓనర్ ఒప్పుకుంటే ఒక స్క్రూ విప్పాం. టీ డికాక్షన్ రంగు నీళ్లు కారాయి. ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ఉండే బాల్సా చెక్క కుళ్లిపోయింది. బాగుచేయడానికి యార్డు చెప్పిన లెక్క 22,000 డాలర్లు.

ఆమె మొహం చూడలేకపోయాను. "రెండు వారాలుగా నిద్ర లేదు సార్, ఉన్న సేవింగ్స్ అంతా ఇదే" అన్నారు. ఆ టెన్షన్ తప్పు కాదు, పెట్టాల్సిన చోట పెట్టలేదు, అంతే. షీట్‌లో ఓడిపోయిన రెండో పడవ 9,000 డాలర్లు తక్కువ. జెల్‌కోట్ వెలిసిపోయింది, కుషన్లు కంపు. కానీ డెక్ ఈ కొస నుంచి ఆ కొసకు గణగణలాడింది. రిగ్గింగ్ వైర్లు (మాస్ట్‌ను నిలబెట్టేవి) నాలుగేళ్ల కిందట మార్చిన బిల్లు ఫైల్లో ఉంది. దాన్నే కొన్నారు.

మాది తాళ్లరేవు. అక్కడ చెక్క పడవలు కట్టే వడ్రంగులు, మరమ్మతుకు వచ్చిన పాత పడవను ముందుగా సుత్తితో పలక పలకా కొట్టి వినేవాళ్లు. చిన్నప్పుడు వాళ్ల వెనకాలే తిరిగేవాణ్ని. ఇప్పుడు ఫైబర్‌గ్లాస్ మీద నేను చేస్తున్నదీ అదే.

చైన్‌ప్లేట్లనే స్టీలు పట్టీల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మాస్ట్‌ను నిలబెట్టే వైర్లన్నీ వాటికే కట్టి ఉంటాయి. స్టెయిన్‌లెస్ స్టీల్‌కు గాలి తగలాలి. డెక్‌లోంచి కిందికి దిగే చోట తడి నిలిచి గాలి ఆడకపోతే, పైన అద్దంలా మెరుస్తూనే లోపల తినేస్తుంది. రిగ్గింగ్ ఎప్పుడు మార్చారని అడిగితే "బాగానే ఉంది" అనే జవాబు వస్తుంది. అది జవాబు కాదు. ఏ సంవత్సరం, బిల్లు ఎక్కడ? బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్కేసి ధర మాట్లాడండి.

అపోహ: క్యాప్‌సైజ్ అంకె (బోల్తా పడే ప్రమాదానికి వేసే లెక్క) 2 లోపు ఉంటే పడవ సేఫ్.

1979 ఫాస్ట్‌నెట్ రేసులో తుఫానుకు 15 మంది సెయిలర్లు చనిపోయాక వచ్చిన సూత్రం ఇది. అందులో ఉన్నవి వెడల్పు, బరువు, రెండే. ఆ లెక్కన క్యాటలీనా 36కు 2.0, ఐలాండ్ ప్యాకెట్ 35కు 1.85 వస్తుంది. పడవ కింద ఉండే కీల్ అనే రెక్కలో, అడుగున ఉండాల్సిన సీసపు బరువును మాస్ట్ కొసన కట్టినా అంకె మారదు. మరి దీన్ని పట్టుకుని పడవ బోల్తా పడుతుందో లేదో ఎలా చెబుతారు? ఇది విని భయపడి మంచి పడవలు వదులుకున్నవాళ్లను చూశాను.

అపోహ: బరువైన పడవ నత్తనడక.

ఐలాండ్ ప్యాకెట్ 17,500 పౌండ్లు, క్యాటలీనా 13,500. కానీ వాటర్‌లైన్ (నీటిమట్టం దగ్గర పడవ పొడవు) రెండింటికీ దాదాపు 30 అడుగులే కాబట్టి హల్ స్పీడ్ (ఆ పొడవును బట్టి వచ్చే గరిష్ఠ వేగం) రెండింటికీ 7.3 నాట్ల చుట్టుపక్కలే. తేడా తెలిసేది గాలి తక్కువున్నప్పుడు. మా చీసపీక్ అఖాతంలో జూలై మధ్యాహ్నాలు అలాగే ఉంటాయి, అప్పుడు బరువైనదానికి ఇంజిన్ వేయాల్సిందే.

అడుగున ఫైబర్‌గ్లాస్ ఉబ్బి పొక్కులు కనిపిస్తే పడవ పని అయిపోయిందనుకోవడం కూడా అపోహే. నాలుగు పొక్కులకు పడవ మునగదు, ధర తగ్గించమని అడగండి.

అపోహ: బ్రోకర్ దగ్గర నిరుటి సర్వే రిపోర్టు ఉంది, మళ్లీ ఎందుకు?

అది వేరే వాళ్ల కోసం రాసింది. ఆ తర్వాత ఒక చలికాలం గడిచింది. పైగా వాళ్లు ఎందుకు కొనలేదో ముందు అడగండి. నేను అడుగుకు 25 డాలర్లు తీసుకుంటాను. 36 అడుగులకు 900, పడవను నీళ్లలోంచి పైకి తీసే ఖర్చు వేరు. 22,000తో పోల్చుకోండి.

సర్వే రోజు నేను పడవ ఎక్కగానే చేసే మొదటి పని ఇంజిన్ మీద అరచెయ్యి పెట్టడం. వెచ్చగా తగిలితే ఓనర్ ముందే స్టార్ట్ చేసి ఉంచాడన్నమాట. అప్పుడు ఇంజిన్ చల్లబడేదాకా డెక్ పని చూసుకుంటాం. చల్లటి డీజిల్ ఎన్నో తిప్పుకు అందుకుంది, ఏ రంగు పొగ వచ్చింది, ఎంతసేపటికి ఆగింది, ఇవన్నీ ఆ మొదటి నిమిషంలోనే కనబడతాయి. కొనేవాళ్లను కూడా పక్కనే నిలబెట్టి, మీరూ చెయ్యి పెట్టి చూడండి అంటాను.