గొంతు సర్జరీ: తీగ బిగించడం నుంచి తీగ కుదించడం దాకా

ఫోనెత్తి ‘హలో’ అనగానే అవతలి నుంచి ‘చెప్పండి సార్’ అని వస్తుంది. చాలామంది ట్రాన్స్ మహిళలకు టెన్షన్ అక్కడే మొదలవుతుంది. ఎదురుపడితే ముఖం, జుట్టు, బట్టలు కనిపిస్తాయి. ఫోన్‌లో ఉండేది గొంతొక్కటే. ఏళ్ల తరబడి హార్మోన్లు వాడినా అది మారదు.

యుక్తవయసులో టెస్టోస్టెరాన్ వల్ల స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంత్రులు పొడవెక్కి మందమవుతాయి. తర్వాత ఈస్ట్రోజెన్ వాడినా అవి మళ్లీ సన్నబడవు. ట్రాన్స్ పురుషులకు ఈ బాధ తక్కువ. టెస్టోస్టెరాన్ మొదలుపెట్టిన కొన్ని నెలలకే గొంతు దిగుతుంది. మాట్లాడేటప్పుడు మగవారి స్వరతంత్రులు సెకనుకు సుమారు 120 సార్లు, ఆడవారివి 200 సార్లు కంపిస్తాయి. ఆ దూరం దాటించడమే సర్జన్ల ముందున్న లెక్క.

వీణ తీగ శ్రుతి పెంచాలంటే బిగించాలి, లేదా మెట్టు మీద నొక్కి మోగే భాగాన్ని తగ్గించాలి. సర్జన్లు ముందు పట్టుకున్నది బిగింపునే. 1974లో జపాన్ వైద్యుడు నొబుహికో ఇషికి స్వరపేటిక మృదులాస్థికి చేసే సర్జరీలను నాలుగు రకాలుగా విభజించారు. రకరకాల గొంతు సమస్యల కోసం చేసిన పని అది. అందులో నాలుగోది ట్రాన్స్ మహిళలకు అక్కరకొచ్చింది. మెడ ముందు భాగంలో కోసి, ఒకదానికింద ఒకటి ఉండే రెండు మృదులాస్థులను కుట్లతో దగ్గరకు లాగుతారు. దాంతో స్వరతంత్రులు సాగి బిగుసుకుంటాయి. పై స్థాయి పలికేటప్పుడు అక్కడి కండరం చేసే పనే ఇది, కాకపోతే శాశ్వతంగా. చిక్కూ అక్కడే ఉంది. స్వరతంత్రులు ఎప్పుడూ బిగిసే ఉంటే గొంతు పెంచడానికి, తగ్గించడానికి వెసులుబాటు పోతుంది, మాట కీచుగా వినబడవచ్చు. పైగా కొందరిలో కాలం గడిచేకొద్దీ గొంతు మళ్లీ కిందికి జారింది.

దాంతో రెండో దారికి ఆదరణ పెరిగింది. 1982లో పాల్ డొనాల్డ్ అనే సర్జన్ స్వరతంత్రుల ముందు భాగాన్ని అతికించే పద్ధతిని వివరించారు. 1990 ప్రాంతంలో జర్మనీ వైద్యుడు యూర్గెన్ వెండ్లర్ అదే పనిని మెడ కోయకుండా నోటిలోంచి చేసే పద్ధతి తెచ్చారు. ముందు భాగంలో పైపొర తీసేసి రెండు తంత్రులనూ కలిపి కుడతారు. కంపించే పొడవు తగ్గుతుంది, శ్రుతి పెరుగుతుంది. ఇప్పుడు ఎక్కువగా వినబడే పేరు వెండ్లర్‌దే. లేజర్‌తో తంత్రులను పలచబరిచే పద్ధతీ ఉంది.

కంఠమణిని చెక్కే ఆపరేషన్ వేరు. అది మెడ ఆకారం కోసమే, గొంతును పెంచదు. మోతాదు మించి చెక్కితే స్వరతంత్రుల పట్టు సడలి గొంతు ఇంకా బొంగురుపోయే ప్రమాదం కూడా ఉంది.

శ్రుతి పెరిగినా గొంతు, నోరు కలిసిన గొట్టం పొడవు అంతే ఉంటుంది కాబట్టి నాదంలో పాత గొంతు ఛాయ మిగులుతుంది. అందుకే కుట్లు మానేదాకా రోజుల తరబడి నోరు విప్పకుండా కాగితం మీద రాసి చూపించినవాళ్లు కూడా, ఆ తర్వాత స్పీచ్ థెరపిస్ట్ దగ్గర సాధనకు కూర్చుంటారు. సర్జరీతో కింది స్వరాలు చాలావరకు పోతాయి. పాడే అలవాటున్నవాళ్లు వెనకాడేది అందుకే.