పిల్లల్లో స్కిజోఫ్రీనియా: మా ఓపీలో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

అపోహ: "గాలి సోకిందండి, ఆసుపత్రితో తగ్గదు."

స్కిజోఫ్రీనియా అంటే లేని గొంతులు వినిపించి, లేనిపోని అనుమానాలు, భయాలు పట్టుకునే మానసిక జబ్బు. గోదావరి లంక గ్రామాల నుంచి మానసిక వైద్యుడినైన నా దగ్గరికి వచ్చేసరికే చాలామంది పిల్లల మెడలో తాయెత్తు ఉంటుంది. ఉంచుకోండి, దానితో నాకు పేచీ లేదు. వేపమండలతో కొట్టడం, గదిలో కట్టేయడం దగ్గర మాత్రం ఊరుకోను. మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. 2001లో తమిళనాడులోని ఎర్వాడిలో, మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచిన ఆశ్రమంలో మంటలు రేగినప్పుడు 28 మంది చనిపోయారు, గొలుసులు తెంచుకుని బయటికి రాలేక.

అపోహ: గొంతులు వినిపిస్తున్నాయంటే స్కిజోఫ్రీనియానే.

కంగారు పడకండి. ఊహల్లోని నేస్తంతో కబుర్లు చెప్పే నాలుగేళ్ల పాపకు జబ్బేమీ లేదు. 13 ఏళ్ల లోపు మొదలయ్యే స్కిజోఫ్రీనియా బాగా అరుదు, దాదాపు 40 వేల మంది పిల్లల్లో ఒకరికి అని అంచనా. అందుకే ఆ పేరు పెట్టేముందు మూర్ఛ, మెదడువాపు, ఆటిజం, ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి, ఎవరైనా పిల్లని భయపెట్టారా, వేధించారా అన్నవన్నీ చూస్తాం. ఈఈజీ, ఎమ్మారై లాంటి మెదడు పరీక్షలు రాస్తే డబ్బులు గుంజడానికి అనుకోకండి. జ్వరం, ఫిట్స్‌తో పాటు ప్రవర్తన ఒక్కసారిగా మారితే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అపోహ: "తల్లి గల్ఫ్ వెళ్లిపోయింది, పిల్లాడు ఇలా అయ్యాడు."

కోనసీమలో ఈ మాట వినీ వినీ నాకు విసుగొచ్చింది. కువైట్‌లో ఎవరింట్లోనో చాకిరీ చేసి మందుల డబ్బు పంపేది ఆవిడే, రాత్రి ఫోన్లో తిట్లు తినేదీ ఆవిడే. ఒకప్పుడు అమెరికాలో డాక్టర్లు కూడా తల్లి పెంపకమే కారణమన్నారు, ఆధారాలు దొరక్క తర్వాత వదిలేశారు. వంశపారంపర్యం పాత్ర ఉంది, నిజమే, అయినా తల్లిదండ్రుల్లో ఒకరికి జబ్బుంటే పిల్లలకు వచ్చే అవకాశం సుమారు 10 శాతమే, ఇంట్లో ఎవరికీ లేకుండా వచ్చేవాళ్లే ఎక్కువ. పెంపకం వల్ల జబ్బు రాదు గానీ, వచ్చాక ఇంట్లో అరుపులు, దెప్పుళ్లు ఎక్కువైతే తిరగబెడుతుంది. కాబట్టి అన్నంలో విషం కలిపారని వాడంటే వాదించొద్దు, ఔనని తలూపనూ వద్దు. "నాకలా అనిపించట్లేదు నాన్నా, నీకు భయంగా ఉంది కదూ, నేను పక్కనే ఉంటా" అంటే చాలు. అన్నట్టు, ఆ ఇంట్లో రెండో పిల్ల కూడా ఉంటుంది. అన్నయ్యకు ఏమైందో దానికీ చెప్పండి, లేకపోతే తనవల్లే అనుకుంటుంది.

అపోహ: మాత్రలు మొద్దుబారుస్తాయి, తగ్గాక ఆపేయొచ్చు.

మొదటిది సగం నిజం. రిస్పెరిడోన్ లాంటి మందులతో మగత వస్తుంది, ఆకలి, బరువు పెరుగుతాయి, కొందరికి కండరాలు బిగుస్తాయి. బరువు, షుగర్ చూస్తూ డోస్ మారుస్తాం. ఇక రెండోది ప్రమాదం. మీ అంతట మీరు ఆపేస్తే చాలాసార్లు జబ్బు మళ్లీ వస్తుంది, ఈసారి లొంగదీయడం ఇంకా కష్టం కావచ్చు.

అపోహ: ఇక చదువు లేదు.

ఉంటుంది. తీరిగ్గా, తక్కువ గంటలతో మొదలుపెట్టొచ్చు.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. కాకినాడ ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది. వచ్చేటప్పుడు పాత చీటీలు, వాడి వింత ప్రవర్తనకు ఫోన్లో తీసిన వీడియో, పోయినేడాదివీ ఈ ఏడాదివీ నోటుబుక్కులు తెండి. చదువు ఎప్పుడు జారడం మొదలైందో అందులోనే కనిపిస్తుంది.