తోక వెనక ఈక: పెరటి కోళ్ళ పీకులాట ఎక్కడ మొదలైంది?

పోయిన వానాకాలం ఒడిశా గుణుపూర్‌లో మా పెరట్లోకి పన్నెండు బొనొరాజా కోడిపిల్లలు వచ్చాయి. హైదరాబాద్‌లో వీటి పేరు వనరాజా. వంశధార దాటి ఒడియా నోట్లో పడేసరికి బొనొరాజా అయింది. మూడు వారాలు తిరక్కుండానే నాలుగింటికి తోక మొదట్లో ఈకలు లేవు, ఒకదానికి నెత్తురు కారుతోంది. పేలేమోనని రెక్కల కింద వెతికాం, కనబడలేదు. పక్కింటివాళ్ళు దిష్టి అన్నారు. మా పెద్దమ్మ అరుగు మీద కూర్చుని కాసేపు చూసి, "ఒరే, ఇవి కొట్టుకోటం లేదురా, ఈకలు తింటన్నాయి" అంది.

కొట్టుకోవడం వేరు, ఈక తినడం వేరు. కోళ్ళలో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అనే వరస ఉంటుందని 1920ల మొదట్లో నార్వేకి చెందిన షెల్డెరప్-ఎబ్బె రాశాడు. చిన్నప్పటి నుంచి ఇంటి కోళ్ళను చూస్తూ పెరిగినవాడు. ఆ వరస కోసం పడే పోట్లు నెత్తి మీద, జుట్టు మీద పడతాయి. కొద్ది రోజుల్లో తేలిపోతుంది కూడా. ఈకలు పీకేది తోక మొదట్లో, వీపు మీద, మలద్వారం చుట్టూ. అందులో కోపం ఉండదు. పీకేది నింపాదిగా పీకి మింగుతుంది, పీకించుకునేది ఒక్కోసారి కదలకుండా నిలబడుతుంది కూడా. కోడిపందేల కోసం రాసిన మన కుక్కుట శాస్త్రం డేగ, కాకి, నెమలి అంటూ పుంజుల రంగులకు గడియలు, దిక్కులు లెక్కగట్టింది గానీ, పెట్ట వెనకాల ఈకల గోల దానికి పట్టలేదు. పందెంలో పెట్టకి చోటేది?

ఈ అలవాటుకు మూలం అడవిలోనే ఉంది. మన ఇంటి కోడికి పూర్వీకుడైన ఎర్ర అడవికోడి ఈ తూర్పు కనుమల్లో ఇప్పటికీ తిరుగుతోంది, దాదాపు గోదావరి దాకా. ఇంగ్లండ్‌లో ఒక జంతుప్రదర్శనశాలలో విడిగా తిరిగే అడవికోళ్ళ దినచర్యను లెక్కించి 1989లో ప్రచురించారు. చూసిన నిమిషాల్లో సుమారు 60 శాతం అవి నేలను పొడుస్తూనే ఉన్నాయి, 34 శాతం నిమిషాల్లో కాళ్ళతో గీరుతూ ఉన్నాయి. వాటికి రోజూ మేత పెడుతున్నారన్నది గమనించాలి. అంటే కడుపు నిండినా ముక్కుకి పని కావాలి. నేల మీద ఏమీ దొరక్కపోతే ఆ ముక్కు పక్కదాని ఈకల మీదికి పోతుంది. ఈ వాదనను హాలండ్ పరిశోధకులు 1980లలో గట్టిగా నిలబెట్టారు.

కోళ్ళను గుంపులుగా మూసి పెంచేవాళ్ళకు ఈ తలనొప్పి అంతకుముందే తెలుసు. 1903లో అమెరికాలో ఒకాయన కోళ్ళకు కళ్ళజోడు తయారుచేసి పేటెంటే తీసుకున్నాడు, పక్కకోడి పోటు కంటికి తగలకుండా. తర్వాతివాళ్ళు ఎర్ర అద్దాలు పెట్టారు, నెత్తురు రంగు కనబడితే మిగతావి ఎగబడతాయని. 1930లలో ఒహాయోలో ముక్కు కొన కోయడం మొదలైంది. 1940 ప్రాంతంలో శాన్‌డియాగోలో ఒక రైతు మంట చిమ్మే బ్లోటార్చ్‌తో ఆ కొనను కాల్చాడు. ఆ వెనకే ఎర్రగా కాలిన బ్లేడుతో కోసే మెషీన్ వచ్చింది, గుడ్ల కోసం పెంచే మన లేయర్ ఫారాల్లో ఇప్పటికీ ఎక్కువగా అదే పద్ధతి. ముక్కులో నరాలుంటాయని, కోసిన చోట అవి గడ్డలు కట్టి నొప్పి మిగిలిపోవచ్చని 1980లలో తేలింది. స్వీడన్ 1988లో నిషేధించింది.

మా ఊళ్ళో కూడా ఒకరు మెషీన్ తెచ్చి కాలుస్తానన్నారు. మేం వద్దన్నాం. ఫారం కోడి ముందు దాణా పోసి ఉంటుంది. పెరటి కోడికి పురుగుని పట్టేది, పేలను ఏరుకునేది ఆ ముక్కే.

మరి పెద్దమ్మ కాలంలో ఈ బెడద అంతగా లేదంటే నమ్మాలా? కొంతవరకు నమ్ముతాను. వానలకు నాలుగు రోజులు గంప కింద మూస్తే నాటుకోళ్ళూ పీక్కునేవని ఆవిడే చెప్పింది. కాకపోతే అప్పటి పెరట్లో వయసులు కలిసి ఉండేవి. పిల్ల తల్లి వెనక తిరిగి ఏది పొడవాలో నేర్చుకునేది. నేల ఉండేది, పెంటకుప్ప ఉండేది. ఇప్పుడు పెరడు సిమెంటు అయింది, బయటికి వదిలితే కుక్కలు, ముంగిసలు, పక్కవాళ్ళ నారుమడి తగాదాలు.

కోడి కూడా మారింది. నాటుపెట్ట ఏడాదికి పెట్టే గుడ్లు తక్కువని హైదరాబాద్‌ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ తెచ్చింది. భువనేశ్వర్‌లోని కేంద్ర కోళ్ళ సంస్థ నుంచి కళింగ బ్రౌన్ వచ్చింది. 2009-10 నుంచి కేంద్ర పథకం కింద పేద కుటుంబాలకు నాలుగు వారాల పిల్లల్ని విడతలుగా ఇచ్చారు. మంచి పనే, గుడ్లు పెరిగాయి. చిక్కు ఎక్కడంటే, ఆ నాలుగు వారాలూ పిల్లలు తల్లి లేకుండా బల్బు వెలుగులో, ఇరవై శాతం దాకా ప్రోటీన్ ఉన్న దాణాతో పెరుగుతాయి. పెట్టెలో మనింటికి రాగానే నూకలు, తవుడు. నూకల్లో ప్రోటీన్ ఎనిమిది శాతం ఉంటే గొప్ప. సరిగ్గా అప్పుడే ఒంటి నిండా కొత్త ఈకలు రావాలి. ఈక అంటే దాదాపు అంతా ప్రోటీనే, అందులోనూ గంధకం ఉన్న రకం. కడుపులోకి రాని ఆ సరుకు కళ్ళ ముందు పక్కదాని తోక మీద కనబడుతుంది మరి.

మాకు పిల్లల్ని అమ్మినాయన ఈ సంగతి ఒక్కటీ చెప్పలేదు. కాగితం ఇచ్చాడు, అదీ టీకాల గురించే.

దాణా మార్పును మేం పది రోజుల మీద సాగదీయాల్సింది, అప్పటికే ఆలస్యమైంది. వేరుశనగ చెక్క పెడదామనుకున్నాం గానీ అందులో మిథియోనిన్, అంటే ఈకకి కావాల్సిన ఆ గంధకపు సరుకు, తక్కువ. తెలగపిండిలో ఎక్కువ. సంతలో ఎండుచేపల తలకాయలు కొని దంచి కలిపాం. ఉప్పు తగ్గినా పీక్కుంటాయంటారు, అందుకని కిలో మేతకి మూడు గ్రాములు వేసేవాళ్ళం. ఉప్పుచేప కలిపాక అది మానేశాం, ఎక్కువైతే విషం. పెద్దమ్మ చెదపుట్ట తవ్వించి తెచ్చి మధ్యలో పడేసింది. ఆ పూట ఒక్కటి కూడా పక్కదాని వైపు చూడలేదు. తోటకూర, మునగాకు కట్టలు తలకి కాస్త ఎత్తున వేలాడదీశాం. మూల ఒక గోతిలో పొయ్యి బూడిద, ఇసక పోశాం, పొర్లడానికి. మేత గిన్నె ఒకటికి రెండు చేశాం, బెదిరిన పిల్లకి ఇంకో చోటు ఉండాలని. రాత్రి గూట్లో తెల్ల బల్బు తీసేశాం.

నెత్తురు కారినదాన్ని గంప కింద విడిగా పెట్టి వేపనూనెలో పసుపు కలిపి రాశాం. పుండు మాని పొక్కు రాలేదాకా గుంపులో కలపలేదు.

రెండు వారాలకు పీకడం చాలావరకు ఆగింది. మొదలంటా ఊడినచోట కొత్త ఈకలు మొలిచాయి. రెండింటికి మాత్రం ఈక మధ్యలో విరిగింది, మొదలు లోపలే ఉండిపోయింది. అవి ఈకలు రాల్చే కాలం వచ్చేదాకా తోక లేకుండానే తిరగాలి.